కప్పుతల బొమ్మ: ఒక కుటుంబ పరిశ్రమ చరిత్రము

మన పిల్లల చేతులలో నేడు లక్కబొమ్మలకు మాఱుగా వెలుగుచున్న తెరలు కానవచ్చుచున్నవి. ఆ తెరపై నేవో బొమ్మలు పరుగెత్తును, ఎగురును, పోట్లాడును. పిల్లవాడు కన్నార్పక చూచుచుండును. అన్నమునకు బిలిచినను బలుకడు. తల్లి విసిగి, ఈ యాటలను గనిపెట్టినవా రెవరో గాని మా కొంపలకు వచ్చి పడినది గదా యనుకొనును. మేమును బలుమాఱు అట్లే యనుకొంటిమి. కాని యా కనిపెట్టినవా రెట్టివారు, ఎట్టి యిండ్లలో నుందురు, ఎట్లు పనిచేయుదురు, వారి సంసారముల సంగతి యేమి యను ప్రశ్నలు మనలో ననేకులకు దోచవు. వీడియో ఆటలన్నియు వేలకొలది యుద్యోగులు గల మహాసంస్థలలో యంత్రములచేతనే తయారగునని మన తలంపు.

ఆ తలంపు పూర్తిగా నిజము కాదు. లోకమంతట బేరుపొందిన యొక యాటను కెనడా దేశమున నిద్దఱన్నదమ్ములును, వారిలో నొకరి భార్యయు మొదలుపెట్టి, తమ యుద్యోగములు విడిచి, ఇండ్లు తాకట్టు పెట్టి, సుమారు ఏడేండ్లు శ్రమించి తయారుచేసిరి. అందలి బొమ్మలన్నియు యంత్రముచేత గాక మనుష్యుల చేతులతో, పెన్సిలుతోను సిరాకలముతోను, కాగితముపై వ్రాయబడినవి. ఆ సిరాపనిలో బెద్దపాలు ఆ యిల్లాలిదే. ఈ సంగతి తెలిసిన పిమ్మట వారి చరిత్రము మా సోదరీమణులకు జెప్పక యుండుట భావ్యము కాదని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

అన్నదమ్ముల బాల్యము

కెనడా నడుమ విశాలమైన గోధుమమైదానములు గల సస్కాచెవాన్ రాష్ట్రమునకు రెజైనా ముఖ్యపట్టణము. చాడ్ మోల్డెన్‌హౌయర్, జారెడ్ మోల్డెన్‌హౌయర్ అను సోదరు లక్కడ బెరిగిరి. చలి మిక్కుటమైన యా దేశములో బిల్లలకు నెలల తరబడి యింటిపట్టున నుండుటయే గతి. వీరికి రెండు వేడుకలుండెను. ఒకటి, ఆనాటి వీడియో ఆటలు. రెండవది, తలిదండ్రులు చౌకగా గొని తెచ్చిన వీడియో క్యాసెట్లలోని పాత బొమ్మల చలనచిత్రములు. అవి 1930 ప్రాంతమున అమెరికాలో దీసినవి. అందలి బొమ్మల చేతులును గాళ్లును ఎముకలు లేనట్లు రబ్బరు గొట్టములవలె వంగును. కుర్చీయు, చెట్టును, పొయ్యియు గూడ పాటకు దాళము వేయును. ఇతర బాలురు పెరిగి పెద్దవారై యిట్టివానిని మఱచిపోదురు. ఈ సోదరులు మఱువలేదు.

2000 సంవత్సర ప్రాంతమున వీరొక యాటను జేయ బ్రయత్నించి, సాధనసంపత్తియు నేర్పును జాలక మానివేసిరి. తరువాత నెవరి బ్రతుకు వారిదైనది. చాడ్ ఆంటారియో రాష్ట్రమున టొరాంటో నగరమునకు సమీపమున నున్న ఓక్‌విల్ పట్టణమున గాపురము పెట్టెను. జారెడ్ రెజైనాలోనే యుండెను. ఒకరి కొకరికి నడుమ సుమారు 2,000 కిలోమీటర్ల దూరము.

పది సంవత్సరములు గడచెను. ఈలోపల ఆటల వ్యాపారములో నొక మార్పు గలిగినది. పూర్వము ఆటను బళ్లెములపై ముద్రించి, పెట్టెలలో బెట్టి, దుకాణములకు బంపవలసి యుండెను. దానికి బెద్ద ప్రకాశకుని మూలధనము లేక సాగదు. ఇంటర్నెటు వ్యాపించిన పిమ్మట చేసినవాడే తన యాటను నేరుగా నాడువారికి విక్రయింప వీలు కలిగినది. ఇట్లు పెద్ద సంస్థల యండ లేక స్వతంత్రముగా బనిచేయువారిని ఇండీ కర్తలని పిలువసాగిరి. 2010లో ప్రధానముగా నిద్దఱు వ్యక్తులు చేసిన సూపర్ మీట్ బాయ్ అను నాట మిక్కిలి ప్రజాదరణ పొందెను. దానిని జూచి మోల్డెన్‌హౌయర్ సోదరులకు బాత కోరిక మరల మొలకెత్తెను. ఇద్దఱు చేయగలిగినది తామేల చేయలేమని వారాంతపు సెలవులలో బని మొదలుపెట్టిరి. తమ యింటిపేరు నుండి యక్షరములు తీసికొని సంస్థకు స్టూడియో ఎం.డి.హెచ్.ఆర్. అని నామకరణము చేసిరి.

పాత చిత్రముల పని, పాతకాలపు స్త్రీలు

వీరి పనిని గ్రహించుటకు ముందు 1930 నాటి బొమ్మల చిత్రములెట్లు తయారయ్యెడివో కొంత తెలిసికొనవలెను. చలనచిత్రములో సెకనునకు 24 పటములు కంటి ముందు గడచును. బొమ్మ చేయి ఎత్తుట చూపవలెనన్న, చేయి కొంచెము కొంచెముగా లేచినట్లు వేఱువేఱు పటములు వ్రాయవలెను. సెకనునకు 24 అన్నచో నిమిషమునకు 1,440. ఒక కాగితముపై మఱియొక కాగితము పఱచి, క్రింద దీపము వెలిగించి, క్రిందిగీత కనబడుచుండగా పైదానిపై గొంచెము మార్చి వ్రాయుదురు. తరువాత నా గీతలను సెల్యులాయిడు రేకులపై సిరాతో దిద్ది, వెనుక రంగులు నింపి, చిత్రించిన దృశ్యముపై బెట్టి, ఒక్కొక్కటిగా ఫొటో తీయుదురు.

న్యూయార్కు నగరములో మాక్స్ ఫ్లైషర్ అను నతని చిత్రశాల యిట్టి పనికి బ్రసిద్ధి కెక్కెను. 1930లో బెటీ బూప్ అను చిన్నదాని బొమ్మ అక్కడనే పుట్టినది. పశ్చిమతీరమున వాల్ట్ డిస్నీ చిత్రశాల దానికి బోటీగా నుండెను. ఈ చిత్రశాలలలో స్త్రీల స్థితి మన పాఠకురాండ్రు తెలిసికొనదగినది. సిరా దిద్దుట, రంగులు నింపుట యనునవి స్త్రీల పనులు. బొమ్మను గల్పించి కదలించు పని పురుషులది. 1937లో వెలువడిన స్నో వైట్ చిత్రమునకు వందకొలది కన్యలు రేయింబవళ్లు గీతలు దిద్దిరి. అయినను ఆ కాలమున డిస్నీ సంస్థకు జిత్రలేఖన విభాగములో బని యడిగిన యువతులకు, ఆ పని యువకులదే గాని స్త్రీలది కాదని యుత్తరములు వచ్చెడివి. ఫ్లైషర్ చిత్రశాలలో లిలియన్ ఫ్రీడ్మన్ అను నామె యా గోడను దాటి చిత్రచాలకురాలైనది. అట్టివారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. జీతములు చాలక 1937లో ఫ్లైషర్ చిత్రశాల పనివారు నెలల తరబడి సమ్మె చేసిరి. తెరపై నవ్వించిన బొమ్మల వెనుక నింత కష్టముండెను.

ఎనుబదేండ్ల తరువాత ఓక్‌విల్ పట్టణములో మరల నొక స్త్రీ సిరాకలము పట్టినది. కాని యీ మాఱు ఆమె పనికత్తె కాదు. సంస్థను నడపువారిలో నొకతె.

బొమ్మకు దల దొరకుట

ఆటలో నాయకు డెట్లుండవలెనని చాడ్ సుమారు 150 రూపములు గీచి చూచెను. ఏదియు మనసునకు నచ్చలేదు. అప్పుడు జపాను దేశపు పాతకాలపు చిన్న బొమ్మలచిత్ర మొకటి వారి జ్ఞప్తికి వచ్చెను. అది యుద్ధప్రచారము కొఱకు దీసినది. అందులో టీకప్పు తలగా గల మనుష్యు డొకడు కనబడి, క్షణములో యుద్ధశకటముగా మాఱిపోవును. ఆ కప్పుతల యెంత వింతగా నున్నదో యంత చక్కగా నాటకు గుదిరినది. పేరు గూడ కప్‌హెడ్ అనియే పెట్టిరి. కప్పుతల యని దాని యర్థము. అతనికి దోడుగా మగ్‌మన్ అను సోదరుని గల్పించిరి. అన్నదమ్ములు చేయు నాటలో నన్నదమ్ములే కథానాయకులైరి.

కథ చిన్నది. ఇంక్‌వెల్ అను దీవిలో, అనగా సిరాబుడ్డి దీవిలో, కెటిల్ తల గల వృద్ధుని సంరక్షణమున నీ యిద్దఱును బెరుగుచుందురు. ఒకనాడు పెద్దల మాట మీఱి సైతాను జూదశాలకు బోయి పాచికలాడుదురు. మొదట గెలుతురు. గెలుపు మత్తులో దమ ప్రాణములనే పణముగా నొడ్డి యోడుదురు. కాళ్లపై బడి వేడుకొనగా సైతాను, తనకు ఋణపడి పాఱిపోయినవారి పత్రములు రాబట్టి తెచ్చినచో విడుతునని గడువు పెట్టును. ఆ ఋణస్థులే యాటలోని ప్రతిద్వంద్వులు. ఒక్కొక్కరితో బోరాడి గెలువవలెను.

పాచికల కథ మనకు గ్రొత్తది కాదు. ధర్మరాజు కొలువుకూటమున నేమి యోడెనో, ఎవరిని పణముగా నొడ్డెనో మన యింట బసిపిల్లకైన దెలియును. ఆ కథను మనము తలచుటకు ముందు ముందు మఱియొక కారణము కలుగును.

ఈ యాట నిద్దఱు నొకే తెర ముందు గూర్చుండి కలసి యాడవచ్చును. అందులో నొకడు దెబ్బ తిని పడిపోయినచో, అతని యాత్మ మెల్లగా బైకి దేలిపోవుచుండును. అది తెర దాటిపోకముందే రెండవవాడు పోరాటము నడుమ నెగిరి దానిని దాకినయెడల పడినవాడు మరల బ్రతుకును. తమ్ముని రక్షింపబోయి యన్నయు బడిపోవుట తఱచు. ఇంటిలో బోట్లాడుకొను పిల్లలు దీనిలో నొకరి కొఱ కొకరు ఎగురుచుందురు.

చేతిపనియే మేలని యేల తలచిరి?

నేడు కంప్యూటరుతో బొమ్మ నొక్కమాఱు చేసినచో దానిని యంత్రమే త్రిప్పును, వంచును, నడపును. శ్రమ తక్కువ, వ్యయము తక్కువ. మోల్డెన్‌హౌయరులు తెలిసియే యా దారి విడిచిరి. 1930 నాటి చిత్రముల సొగసు వారి కెట్లు తెలియవచ్చెనో మనకు ముగ్గును జూచిన దెలియును. అచ్చు డబ్బాతో దొర్లించిన ముగ్గు ఎక్కడ జూచినను నొకే తీరున నుండును. ఇల్లాలు చేతితో దీర్చిన ముగ్గులో గీత యొకచోట లావై, ఒకచోట సన్నమై, వ్రేళ్ల కదలిక కనబడును. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రముపై గీచిన గీతకును, అచ్చువేసిన వస్త్రముపై గీతకును గల భేద మట్టిదే. చేతిగీత పటము నుండి పటమునకు లేశముగా మాఱుచుండుటచేతనే బొమ్మకు బ్రాణ మున్నట్లు తోచును.

కావున ప్రతి కదలికను మొదట పెన్సిలుతో గాగితముపై వ్రాసిరి. పిదప నొక్కొక్క కాగితమును సిరాతో దిద్దిరి. దిద్దిన దానిని యంత్రముతో బ్రతి తీసి కంప్యూటరులోనికి జేర్చి యచ్చట రంగులు నింపిరి. దృశ్యములను కాగితముపై నీటిరంగులతో జిత్రించిరి. సెకనునకు 24 పటముల నియమమును బాటించిరి. ఇట్లు వ్రాసిన పటముల సంఖ్య 50,000 వఱకు జేరినదని చెప్పుదురు. అంచెలంచెలుగా మఱికొందఱు చిత్రకారులు, చిత్రకారిణులు వేఱువేఱు పట్టణముల నుండి పనిలో జేరిరి; ఐనను పెద్ద సంస్థలతో బోల్చినచో నది చిన్న బృందమే.

చాడ్ భార్య మాయా మోల్డెన్‌హౌయర్ ఆర్థికవ్యవహారముల రంగమున నుద్యోగము చేయుచుండెను. చిత్రకళ యామె వృత్తి కాదు. మొదట నింటిలో సాయముగా సిరాపనికి బూనుకొన్నది. చేయి తిరిగినకొలది యా పని యామెదే యైనది. తుద కామె యుద్యోగము విడిచి, ఒక వైపున వేలకొలది పటములకు సిరా దిద్దుచు, మఱియొక వైపున బనివారి యేర్పాటులు, గడువులు, ద్రవ్యము మొదలగు కార్యనిర్వహణ భారమును వహించినది. ఆట చివర వచ్చు నామావళిలో నామె పేరు కార్యనిర్వాహక నిర్మాత్రిగాను, సిరా చిత్రకారిణిగాను రెండు విధముల గానవచ్చును. 1930లో సిరా దిద్దిన స్త్రీల పేర్లు తెరపై నెక్కుటయే యరుదు. ఈ భేదమును మేము చిన్నదిగా నెంచము. పని యదియే, కలము నదియే. పేరును అధికారమును మాత్రము క్రొత్తవి.

ఇల్లు తాకట్టు

2014 జూనులో లాస్ ఏంజిలెస్ నగరమున జరిగిన ఆటల మహాప్రదర్శనమున మైక్రోసాఫ్ట్ సంస్థవారు రాబోవు నాటలను జూపుచు, కప్‌హెడ్ దృశ్యములను గొన్ని క్షణములు మాత్రము చూపిరి. పాత చిత్రము ప్రాణము పోసికొని వచ్చినట్లున్న యా బొమ్మలను జూచి జనులు విస్మయపడిరి. ఇది యేమి, ఎప్పుడు వచ్చునని యంతట నడుగసాగిరి. అంతవఱకు సెలవు దినములలో జేయు వేడుకగా నున్న పని యిప్పుడొక సమస్యయై నిలచెను. ఉన్న తీరున జేసినచో చిన్న యాట యగును. జనులు కోరినంత చేయవలెనన్న మనుష్యులు కావలెను, మనుష్యులకు జీతము లీయవలెను. ధన మెక్కడ?

సోదరులు తమ యుద్యోగములు వదలిరి. తమ యిండ్లపై నున్న ఋణములకు దోడు మరల ఋణము తెచ్చిరి. అనగా నాట విఫలమైనచో నిల్లు పోవును. ఆ ధనముతో బృందమును బెంచి, ఆటను విస్తరింపజేసిరి.

సోదరీమణు లిచ్చట గొంత నిలిచి యాలోచింపవలెనని కోరుచున్నాము. ఇల్లు తాకట్టు పెట్టుట యనిన మన గృహములలో గుండె గుభిల్లుమనును. కూతురి పెండ్లికో, వైద్యమునకో తప్పనిసరియై తాకట్టు పెట్టినవారిని మనము చూచితిమి. వ్యాపారపు మోజులో బెట్టి వీధిని బడినవారినిగూడ జూచితిమి. పాచికలాడి ప్రాణము లొడ్డిన కప్పుతల కథను వ్రాయుచున్నవారే తమ యిండ్ల నొడ్డిరి గదా, ఇది మాత్రము జూదము కాదా యని యడుగవచ్చును.

మా యభిప్రాయ మిది. రెంటికిని భేదము గలదు, కాని యది యపాయము లేమిలో లేదు. అపాయము రెంటను సమానమే. జూదములో బాచిక చేయి విడిచిన పిదప మనుష్యు డేమియు జేయలేడు. ఇచ్చట పాచిక వారి చేతిలోనే యుండెను; ప్రతిదినమును దిద్దిన ప్రతి గీతయు ఫలితమును గొంత మార్చగలిగెను. మఱియొక భేదము మనకు ముఖ్యమైనది. ధర్మరాజు ద్రౌపది నొడ్డునప్పు డామె నడుగలేదు. నిండుసభలో నామె వేసిన ప్రశ్నకు బెద్ద లెవ్వరు నుత్తర మీయలేకపోయిరి. ఓక్‌విల్ గృహమున నిల్లాలు పణము కాదు. తానును గూర్చుండి పని చేసిన భాగస్వామిని. లాభనష్టముల లెక్క తెలిసినది, ఆ లెక్కలు చూచుటయే యుద్యోగముగా నుండినది. ఇంటి నొడ్డవలసి వచ్చినచో నట్టి సమ్మతియు, అట్టి లెక్కయు నుండవలెను. అవి లేనిచో నెంత గొప్ప యాశయమైనను ఇంటివారి యెడల నన్యాయమే.

ఇంకొక మాట దాచరాదు. గెలిచినవారి కథలే పత్రికల కెక్కును. ఇట్లే యుద్యోగములు విడిచి, ఋణములు చేసి, ఎవరు నాడని యాటలను జేసి చేతులు గాల్చుకొన్న వారి కథలు వ్రాయువారు లేరు. కావున నీ కుటుంబమును మెచ్చుకొనుట వేఱు, అట్లే చేయుడని మీ కుమారునకు జెప్పుట వేఱు.

సంగీతము

1930 నాటి చిత్రములకు జాజ్ సంగీతము ప్రాణము. ఈ యాటకును నట్టిదే కావలెను. సోదరు లెవరో పేరుపొందిన సినిమా సంగీతకర్త కొఱకు వెదుకక, రెజైనాలో దమ చిన్ననాటి మిత్రుడైన క్రిస్టఫర్ మాడిగన్ నడిగిరి. అతడు వాద్యబృందములలో దాళవాద్యములు వాయించు నిపుణుడు; ఆటలకు సంగీతము కట్టుట యతనికి గ్రొత్త. డ్యూక్ ఎల్లింగ్టన్, స్కాట్ జోప్లిన్ మొదలగువారి బాణీలను పరిశీలించి స్వరములు కట్టెను. యంత్రస్వరములతో సరిపెట్టక, బూరలు, పియానో, మృదంగములవంటి వాద్యములు వాయించు మనుష్యులను గూర్చుండబెట్టి వాయింపించి, గాయకులచే బాడించి, తుదకు నర్తకుని పాదరక్షల తాళమును గూడ ధ్వనిముద్రణము చేసిరి. సంగీతము రెండున్నర గంటలకు బైగా నున్నది. బొమ్మ చేతిగీత యైనప్పుడు స్వరమును చేతిదే కావలెనను పట్టుదల యందు గనబడును.

ఫలితము

ఆట 2016లో వెలువడునని ముందు ప్రకటించిరి. గీతలు వ్రాయు పని తెమలక గడువు మార్చవలసివచ్చెను. ఇంటిపై వడ్డీ పెరుగుచుండగా గడువు జాఱుట యెట్టి బాధయో గృహిణులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. తుదకు 2017 సెప్టెంబరు 29వ తేదీని కప్‌హెడ్ వెలువడెను. రెండు వారములలో బది లక్షల ప్రతులు విక్రయమయ్యెను. ఆ సంవత్సరాంతమునకు ఇరువది లక్షలు దాటెను. 2020 జూలై నాటికి అఱువది లక్షలు. ఇండ్లు నిలిచినవి.

సన్మానములును వెంట వచ్చినవి. 2017 డిసెంబరులో జరిగిన గేమ్ అవార్డుల సభలో ఉత్తమ కళాదర్శకత్వమునకు, ఉత్తమ స్వతంత్ర క్రీడకు, ఉత్తమ ప్రథమ ప్రయత్నమునకు బహుమతు లీయబడినవి. 2018లో బ్రిటిషు అకాడమీవారు, అనగా బాఫ్టావారు, సంగీతమునకు బహుమతి నిచ్చిరి. చిన్ననాటి మిత్రుని నమ్ముట వృథ కాలేదు.

పొగడ్తలతో బాటు రెండు విమర్శలును గలవు. మొదటిది, ఆట మిక్కిలి కఠినము. ఒక్క ప్రతిద్వంద్విని గెలుచుటకు బదులకొలది మాఱులు ఓడవలసివచ్చును. ఓడిన ప్రతిమాఱును, గమ్యమున కెంత దూరము వచ్చితివో యొక గీతపై జూపుదురు. కొంచెమే మిగిలినదని చూచి యాడువాడు మరల లేచును. రెండవది గంభీరమైనది. 1930 నాటి అమెరికా చిత్రములలో నల్లవారిని హీనముగా బరిహసించు బొమ్మలు మెండు. అట్టి కాలపు సొగసును బునరుద్ధరించునప్పు డా పాపమును గూడ దలపునకు దేవలదా యని కొందఱు విమర్శకు లడిగిరి. కర్తలు తాము చిత్రణపద్ధతిని మాత్రమే గ్రహించి తక్కినది విడిచితిమని చెప్పిరి. పాతకాలపు వస్తువును మెచ్చుకొనునప్పు డిట్టి ప్రశ్న న్యాయమైనదే. మన పాత నాటకములకును, సినిమాలకును గూడ నిది వర్తించును.

తల్లుల కొక సూచన. అమెరికాలో నాటలకు వయోనిర్ణయము చేయు సంఘమువా రీ యాటను బదేండ్లును అంతకు బైబడినవారికి దగినదిగా నిర్ణయించిరి. బొమ్మల పోరాటము, పొగాకు, మద్యముల ప్రస్తావన, జూదశాల యందు గలవు. చిన్నపిల్లల కిచ్చుటకు ముందు తెలిసికొని యుండుట మేలు.

పిదప జరిగినది

విజయము వచ్చిన పిమ్మట నీ కుటుంబమువా రేమి చేసిరి? పెద్ద సంస్థగా పెరిగి యేటికొక యాటను విడుదల చేయవచ్చునుగదా. అట్లు చేయలేదు. కప్‌హెడ్‌ను 2019లో నింటెండో యంత్రమునకు, 2020లో సోనీవారి ప్లేస్టేషనుకు జేర్చిరి. 2022 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ వారు కప్పుతల సోదరులతో బొమ్మల కథామాలికను బ్రసారము చేసిరి. పాత చిత్రముల నుండి పుట్టిన బొమ్మ మరల చిత్రములలోనికే చేరినది.

2018లో గథకు ననుబంధము నొకటి ప్రకటించి, 2022 జూన్ 30వ తేదీని వెలువరించిరి. అనుబంధమునకే నాలుగేండ్లు! నడుమ మహమ్మారి వ్యాధి వచ్చి పని నిలువరించినది. గడువును మాఱు మాఱు పొడిగించిరి. కాని త్వరపడి తక్కువరకము వస్తువు నీయ నొల్లమనిరి. ఆ కథలో మిస్ చాలిస్ అను క్రొత్త కథానాయిక గలదు. ఆమె తల పానపాత్రము. పరలోకమున జిక్కుకొన్న యామెను బ్రతికించుటకు దగిన మహిమగల మిఠాయిని వండుటకు వంటవాడొకడు సామగ్రి తెమ్మనగా మువ్వురును బయలుదేఱుదురు. మొదటి యాటలో నన్నదమ్ములే నాయకులు. రెండవదానిలో నాయికయు జేరినది.

మనకు నేర్పునది

ఈ కథ నుండి మన మేమి గ్రహింపవలెను? ధైర్యముండిన ధనము వచ్చునని మేము చెప్పబోము, రానివారే యెక్కువ. మేము గ్రహించినది రెండు మాటలు.

మొదటిది, పిల్లవాని చేతిలోని తెరపై గనబడు ప్రతి బొమ్మ వెనుకను ఒక మనుష్యుని చేయి గలదు. ఆ చేయి యెంత యలసినదో తెలిసిన పిల్లవాడు బొమ్మను వేఱు కన్నుతో జూచును. రెండవది, ఇంటిలో సాయముగా మొదలిడిన పని యెప్పుడు వృత్తి యగునో, ఎప్పుడు పేరునకు దగినదగునో గుర్తింపవలెను. మన యిండ్లలో భర్త వ్యాపారమునకు లెక్కలు వ్రాయు స్త్రీలు, తండ్రి మగ్గమునకు నూలు చుట్టు కుమార్తెలు, కొడుకు దుకాణమునకు బొట్లములు కట్టు తల్లులు ఎందఱో కలరు. దానిని సాయమని పిలుచుచున్నాము. అది పనియే. పనికి బేరుండవలెను, మాట చెల్లవలెను, ఇంటి నొడ్డునప్పు డా చేతి సంతకము ముందుగా నుండవలెను.

కడపట నొక వేడుక చెప్పి ముగించెదము. పిల్లల పాత నోటుపుస్తకము నొకటి తీసికొనుడు. దాని కుడివైపు క్రింది మూలను, కడపటి పుట నుండి మొదలుపెట్టి, ఇరువదినాలుగు పుటలపై నొక టీకప్పు బొమ్మను వ్రాయింపుడు; పుట పుటకు గొంచెము కొంచెముగా నది వంగి మరల లేచునట్లు చూడుడు. ముందు పుటలోని గీత పలుచగా గనబడుచుండును గనుక వ్రాయుట కష్టము కాదు. పిదప బొటనవ్రేలితో పుటలను జరజర విడిచినచో గప్పు వంగి నమస్కరించును. గంటసేపు శ్రమించి వ్రాసిన దొక్క సెకనులో ముగిసిపోవును. పిల్లవాడు నవ్వి, ఇంతేనా యనును. అప్పుడు యాబదివేల పటముల సంగతి చెప్పుడు. ఆనాడు రాత్రి యన్నమునకు బిలిచినప్పుడు పలుకునో లేదో మేము పూచీపడలేము గాని, తెరపై బొమ్మను జూచునప్పుడు మాత్రము దాని గీత వెనుక నున్న చేతిని దలచుకొనును.